రెండంగుళాల లిఫ్ట్ పేరుతో దిమ్మలు బిగిస్తున్నారు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చూడండి

హైదరాబాద్‌లో థార్‌కో జిమ్నీకో వీ-క్రాస్‌కో సస్పెన్షన్ లిఫ్ట్ (స్ప్రింగులు, షాకప్‌ల దగ్గర మార్పు చేసి బండి ఎత్తు పెంచడం) చేయించాలనుకునేవాళ్లకు ఈ హెచ్చరిక. ఊళ్లో కొన్ని షాపులు "టూ ఇంచ్ ఫుల్ కిట్టు" అని రేటు చెప్పి, బిల్లులో మాత్రం "లిఫ్ట్ కిట్, 1 సెట్" అని ఒక్క వరస రాసి ఇస్తున్నాయి. బండికి పడేది కంపెనీ షాకప్‌ల నెత్తిన లేత్‌లో కోయించిన నైలాన్ దిమ్మలు. "పొద్దుగాల ఇయ్యండి అన్నా, సాయంత్రం వరకు తీస్కపోవచ్చు" అంటారు. నిజంగానే సాయంత్రానికి ఇచ్చేస్తారు. బండి లేచి కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి, మొదటి నెల ఏ తేడా తెలియదు.

అలా లేపిన ఒక కొత్త మోడల్ ఫోర్ బై ఫోర్ థార్‌ను తర్వాత ర్యాంపు ఎక్కించి చక్రాలు వేలాడదీస్తే బయటపడ్డవి ఇవీ. చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే పై ఆర్మ్ స్ప్రింగ్ చుట్టకు తగిలి తగిలి పెయింట్ లేచిపోయింది, లోపలి ఇనుము మెరుస్తోంది. డ్రైవర్ వైపు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూటు మడతల దగ్గర చీలి, గ్రీజు రిమ్ము లోపలి అంచంతా చిమ్మింది. స్టీరింగ్ తిప్పి చూస్తే బ్రేకు రబ్బరు పైపు తీగలా బిగుసుకుంది. దిమ్మ పైన నట్లకు స్టడ్ మర సరిపోక మూడు నాలుగు చుట్లే పట్టాయి. "ఫుల్ కిట్టు" అని చెప్పినట్టు కొత్త షాకప్‌లు లేవు, స్ప్రింగులు లేవు. ఓనరు కట్టిన డబ్బు మాత్రం అసలైన కిట్టుకు దగ్గరగానే ఉంది.

దిమ్మతో ఇదంతా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే షాపులో అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. కొత్త థార్, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, వీ-క్రాస్‌లకు ముందు డబుల్ విష్‌బోన్. అంటే రెండు చక్రాలూ దేనికది ఆడతాయి. షాకప్, స్ప్రింగ్ కలిసి కింది ఆర్మ్ నడుమ ఎక్కడో కూర్చుంటాయి తప్ప చక్రం దగ్గర కాదు. కాబట్టి పైన 25 మిల్లీమీటర్ల దిమ్మ పెడితే చక్రం దగ్గర ఎత్తు అంతకు ఒకటిన్నర నుంచి రెండింతలు పెరుగుతుంది. ఈ లెక్క తెలియని ఫిట్టర్ రెండంగుళాలు అడిగితే రెండంగుళాల దిమ్మే పెడతాడు. ముందు భాగం మూడు నాలుగంగుళాలు లేచి కూర్చుంటుంది.

పోనీ కొలత సరిగ్గానే పెట్టారనుకుందాం. దిమ్మ వల్ల చక్రం ఆడే మొత్తం దూరం పెరగదు, ఆ దూరమంతా కిందికి జరుగుతుంది, అంతే. చక్రం గాల్లో వేలాడినప్పుడు కంపెనీ పెట్టిన హద్దు దాటి దిగుతుంది. అప్పుడు సీవీ జాయింట్ (డ్రైవ్ షాఫ్ట్ చివర వంగే కీలు) వంపు, బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రాన్ని పట్టే కీలు) వంపు, బ్రేకు పైపు పొడవు మూడూ ఒకేసారి అంచుకు వస్తాయి. చక్రం పైకి నొక్కుకున్నప్పుడు ఇంకో గొడవ. చక్రం పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు తగలకముందే షాకప్ లోపలి పిస్టన్ అడుక్కి కొట్టుకుంటుంది. కంపెనీ షాకప్‌లు తొందరగా ఆయిల్ కారడానికి ఇదొక కారణం.

స్ప్రింగ్‌కూ దాని పళ్లేనికీ మధ్య దూర్చే దిమ్మ వేరే రకం. దానితో షాఫ్టులకు అంత ప్రమాదం లేదు. కానీ బండి నిలబడే ఎత్తు పెరిగి, కిందికి దిగే ఆట తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు నుంచి 'టక్' మని చప్పుడొస్తే షాకప్ పూర్తిగా సాగి ఆగిపోతోందని అర్థం. టూ వీల్ డ్రైవ్ థార్‌కు ముందు షాఫ్టులే ఉండవు కాబట్టి ఆ ఒక్క బాధ తప్పుతుంది, ఆర్మ్ రాసుకోవడం తప్పదు.

జిమ్నీ లెక్క వేరు. ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే ముక్క ఇరుసులు, అంటే హౌసింగులు, కాయిల్ స్ప్రింగులు. ఇక్కడ స్ప్రింగ్ మార్చి 50 మిల్లీమీటర్లు లేపితే రెండు సంగతులు కదులుతాయి. మొదటిది, హౌసింగ్‌ను పక్కకు జరగకుండా పట్టుకునే అడ్డ రాడ్డు, అంటే పాన్‌హార్డ్ రాడ్డు. దాని పొడవు మారదు, వాలు మారుతుంది, దాంతో హౌసింగ్ ఒక పక్కకు జరుగుతుంది. తాపీ మేస్త్రీ వాడే తూకపు గుండు ఫెండర్ అంచు నుంచి వేలాడదీసి రెండు పక్కలా టైరు దాకా కొలిస్తే తేడా తేలిపోతుంది. పొడవు సవరించుకునే రాడ్డు కిట్టులో ఉందా అని అడగండి.

రెండోది క్యాస్టర్, అంటే పక్క నుంచి చూస్తే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం. ఇది ఇంకా ముఖ్యం. ముందు హౌసింగ్‌ను పట్టుకునే ఆర్ములు వెనక్కి పోయి ఛాసిస్‌కు తగులుకుంటాయి. బండి లేస్తే హౌసింగ్ పైభాగం ముందుకు తిరుగుతుంది, క్యాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తీశాక స్టీరింగ్ తనంతట తాను నడిమికి రాదు. కాస్త వేగంలో గుంత తగిలితే ముందు చక్రాలు గజగజ ఊగడం మొదలెడతాయి, బండి దాదాపు ఆపితే తప్ప ఆగవు. దీనికి మందు క్యాస్టర్ బుష్‌లు, లేదా వంపు సరిచేసిన ఆర్ములు. స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే చాలన్న మాట నమ్మొద్దు. అది ఊపును దాచిపెడుతుంది, పోగొట్టదు. ఇంకోటి, స్టీరింగ్ నడిమికి కుదరకుండా బండి ఇచ్చేస్తే, నేరుగా పోతున్నా మలుపు తిరుగుతున్నట్టు ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) అనుకుని మధ్యలో తనే బ్రేకు పడేలా చేస్తుంది. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఇలా జరిగితే వెనకొచ్చేవాళ్లకూ ప్రమాదమే.

జిమ్నీవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. స్ప్రింగ్ ఎంత పెంచినా హౌసింగ్ నడుమ ఉబ్బుగా ఉండే డిఫరెన్షియల్ గుండు కింద ఎత్తు ఒక్క మిల్లీమీటరు పెరగదు, అక్కడ పెంచేది టైరే. కంపెనీ 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, 215/75 ఆర్15 అయితే 703. పదే తేడా, అందులో సగం, అంటే 5 మిల్లీమీటర్లే ఎత్తు కింద కలుస్తుంది. ఇక బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టే బాడీ లిఫ్ట్‌ను కూడా సస్పెన్షన్ లిఫ్ట్ అని అంటగట్టేవాళ్లున్నారు. పేరు సరిగ్గా అడిగి రాయించుకోండి.

2020కి ముందు థార్ సీఆర్‌డీఈ ఉన్నవాళ్లకు ముందు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాన్ పట్టీలు. ముందు సర్దుబాటు బోల్టు బిగించేస్తే పైసా సామాను లేకుండా బండి లేస్తుంది. దానికి లిఫ్ట్ అని డబ్బు తీసుకోవడం దోపిడీయే. బార్ గట్టిపడదు, చక్రం కిందికి దిగే ఆట పోతుంది, ప్రతి గుంతా నేరుగా నడుముకు తెలుస్తుంది. వెనక పొడుగు షాకిల్ (పట్టీ చివరను ఛాసిస్‌కు తగిలించే లింకు) వేస్తే దాని అదనపు పొడవులో సగమే ఎత్తుగా వస్తుంది. పట్టీకీ హౌసింగుకీ మధ్య ఇనుప దిమ్మ వేస్తే ఒక్కటే ఉండాలి, దిమ్మ మీద దిమ్మ వేసినవి కనిపిస్తే బండి అక్కణ్ణుంచి తీసేయండి. పట్టీలను హౌసింగుకు బిగించే యు-బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి కాబట్టి ప్రతిసారీ కొత్తవే వేయాలి. పాతవి వైరు బ్రష్షుతో రుద్ది మళ్లీ ఎక్కించడం మామూలైపోయింది.

ఇప్పుడు కిట్టు ఎంచుకోవడం. ఎత్తు చూసి స్ప్రింగ్ కొనకండి, బరువు చూసి కొనండి. ఓల్డ్ మ్యాన్ ఈమూ, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు ఒకే బండికి ఒకే ఎత్తులో రెండు మూడు రకాల స్ప్రింగులు చేస్తాయి. ఏమీ తగిలించని బండికి ఒకటి, ముందు ఇనుప బంపరు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఉన్నదానికి ఇంకొకటి. షాపులో ఉన్న స్టాకు ఖాళీ చేసుకోవడానికి బరువు స్ప్రింగును ఖాళీ బండికి అంటగడితే అనుకున్న రెండంగుళాలు మూడవుతాయి, బండి రాయిలా ఎగురుతుంది. ముందు బంపరు ఎన్ని కిలోలు, రూఫ్ ర్యాక్ ఉందా, వెనక రోజూ ఎంత సామాను ఉంటుంది అని అడగకుండానే రేటు చెప్పిన షాపులో ఆగొద్దు. షాకప్ కూడా స్ప్రింగుకు జతగా, పొడవు పెరిగినదే ఉండాలి. కంపెనీ షాకప్ అలాగే ఉంచి స్ప్రింగు మాత్రం మారిస్తే పెరిగిన ఎత్తు కిందికి దిగే ఆటను తినేస్తుంది. షాకప్ మరీ పొడుగైతే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై కూర్చునే చోటు నుంచి జారుతుంది. రెండూ ర్యాంపు మీద కళ్లతో చూడదగ్గవే.

నకిలీలు కూడా తిరుగుతున్నాయి. రాణిగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో దొరికిన వేరే బండి షాకప్‌కు బుష్ కొలత లేత్‌లో తగ్గించి, రంగు కొట్టి, స్టిక్కరు అంటిస్తే పైకి తేడా తెలియదు. పెట్టె మీ ముందే విప్పించండి. షాకప్ మీదా స్ప్రింగు మీదా ఉన్న పార్ట్ నంబర్లు ఫోనులో ఫొటో తీసి, ఆ కంపెనీ క్యాటలాగులో మీ బండి మోడలు, సంవత్సరంతో సరిచూడండి. తర్వాతే అడ్వాన్స్. జీఎస్టీ బిల్లులో ఒక్కో ముక్కకూ నంబరు, ధర విడివిడిగా ఉండాలి. విప్పిన కంపెనీ షాకప్‌లు, స్ప్రింగులు డిక్కీలో వేయించుకోండి. వాటికి మార్కెట్లో మంచి ధర ఉంది, అందుకే అడగకపోతే ఇవ్వరు.

పని జరిగేటప్పుడు ఒక్కచోట మాత్రం పక్కనే నిలబడండి, ఆర్ముల బుష్ బోల్టులు బిగించేటప్పుడు. ఈ రబ్బరు బుష్‌ల లోపలి గొట్టం బోల్టుతో గట్టిగా పట్టుకుపోతుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది. చక్రాలు వేలాడుతుండగానే ఫుల్ టైట్ చేస్తే బండి నేల మీద నిలబడిన క్షణం నుంచే రబ్బరు మెలికలో ఉంటుంది, కొన్ని నెలల్లో చీలుతుంది. సరైన పద్ధతి ముందు చేత్తో పట్టించి, బండి దించి, నాలుగు చక్రాల మీద బరువు పడ్డాక, నాలుగైదుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించడం. పాన్‌హార్డ్ రాడ్డుకూ ఇదే. బిగించాక బోల్టు తల నుంచి పక్క ఇనుము మీదికి పెయింట్ మార్కరుతో గీత గీయించండి. తర్వాత వదులైతే గీత విరిగి కనిపిస్తుంది.

పనికి ముందూ తర్వాతా, ట్యాంకు ఒకే మట్టంలో ఉండగా, చక్రం నడుమ నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి బిల్లు వెనకే రాయించండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుంది. ఎలైన్‌మెంట్ కాగితం క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), క్యాస్టర్, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) మూడింటితో కావాలి. టో ఒక్కటే సరిచేసి "అయిపోయింది సార్" అనడం ఇక్కడ అలవాటు. రెండు పక్కల క్యాస్టర్‌లో తేడా అర డిగ్రీ దాటితే బండి ఒక పక్కకు లాగుతుంది. హెడ్‌లైట్ల వెలుగు కిందికి దించడం మరిచిపోతారు, ఎదుటివాడి తిట్లు మీకొస్తాయి. డబ్బు పూర్తిగా కట్టే ముందు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే జాయింట్ల మీద ఒకసారి, ఓఆర్‌ఆర్ మీద 100 దగ్గర ఒకసారి నడిపి చూడండి. 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ అన్నీ బిగించి, ఎలైన్‌మెంట్ మళ్లీ చేసివ్వడం ఆ రేటులోనే ఉందని రాయించుకోండి.

చట్టం సంగతి షాపువాళ్లు ఎత్తరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చే మార్పులు కుదరవు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట వెతికేది ఈ మార్పులనే. సస్పెన్షన్, షాఫ్టుల వారంటీ మీదా ఆశ పెట్టుకోవద్దు. "మనకు ఆర్‌టీఏలో తెలిసినోళ్లున్నరు" అన్న భరోసాకు రసీదు ఉండదు.

నిజం చెప్పాలంటే అనంతగిరి చుట్టుపక్కల బాటలకు, వికారాబాద్ వైపు వానాకాలపు నల్లరేగడికి థార్ కంపెనీ ఎత్తు 226 మిల్లీమీటర్లు చాలావరకు సరిపోతుంది. బురదలో తేడా చూపించేది టైరు. లిఫ్ట్ డబ్బులో సగంతో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, గాలి కొలిచే మీటరు, చిన్న కంప్రెసరు వస్తాయి. లిఫ్ట్ చేసిన బండ్లలో ఎక్కువ భాగం కొండాపూర్ స్పీడ్ బ్రేకర్లు దాటి పోవనేది వేరే సంగతి.

ఇప్పటికే దిమ్మలు వేయించినవాళ్లు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, టార్చి వేసి లోపల చూడండి. బూటు చీలినా, పై ఆర్మ్ దగ్గర స్ప్రింగు మీద పెయింట్ పోయినా, బ్రేకు పైపు బిగుసుకున్నా హైవే ఎక్కించకుండా దిమ్మలు తీయించి కంపెనీ ఎత్తుకు దించేయండి. ఎలైన్‌మెంట్ ఆ తర్వాత చేయించండి. చీలిన బూటును వెంటనే గుర్తిస్తే గ్రీజు, బూటు కిట్టుతో సరిపోతుంది. మట్టి లోపలికి చేరి మలుపుల్లో టకటక చప్పుడు మొదలైతే జాయింటే మార్చాలి.