రైస్ క్రిస్పీస్‌తో అంతస్తుల బర్త్‌డే కేకు: పొయ్యి మీదే పని, ఓవెన్‌తో పనిలేదు

మనవడి ఆరో పుట్టినరోజుకి కేకు రైస్ క్రిస్పీస్‌తో చేద్దామంది మా అమ్మాయి. డాలస్ వచ్చిన దగ్గర్నుంచి ఆ నీలం డబ్బా చూస్తూనే ఉన్నాను, పొద్దున్నే పాలల్లో వేసుకు తినేది. దాంతో కేకేమిటి అనుకున్నా. తీరా చూస్తే మన మరమరాల ఉండల వ్యవహారమే. బెల్లం పాకం బదులు మార్ష్‌మాలోలు (దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయి) కరిగిస్తారు, ఉండ చుట్టే బదులు గిన్నెలో అదుముతారు. 1939లో ఆ డబ్బా కంపెనీ కెల్లాగ్స్ వంటింట్లో మిల్‌డ్రెడ్ డే, మలిటా జెన్సెన్ అనే ఇద్దరు ఆడవాళ్ళు క్యాంప్ ఫైర్ గర్ల్స్ అనే ఆడపిల్లల సంఘం చందాల కోసం పుట్టించిన వంటట.

మాకు ఇది కుదరడానికి అసలు కారణం మా వియ్యపురాలు గారు. ఆవిడ గుడ్డు ముట్టరు. "వదినగారూ, ఇందులో గుడ్డు లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు. గుడ్డు లేదు. కానీ చిక్కంతా మార్ష్‌మాలోలో ఉంది. ఇక్కడ మామూలుగా దొరికే వాటిలో జెలటిన్ ఉంటుంది, అది పంది నుంచో ఆవు నుంచో తీసేది. అందుకని జెలటిన్ లేని డాండీస్ అనే రకం మార్ష్‌మాలోలు తెప్పించాం. జెలటిన్ లేని రకాలు ఏవైనా కాస్త నిదానంగా కరుగుతాయి. సన్నసెగ మీద, చెంచాడు నీళ్ళు చల్లి, మూత పెడితే దారికొస్తాయి. మంట పెంచితే మాత్రం అట్ట ముక్కల్లా బిరుసెక్కుతాయి.

కొలత: 6 కప్పుల రైస్ క్రిస్పీస్‌కి 10 ఔన్సుల మార్ష్‌మాలోలు, 3 టేబుల్‌స్పూన్ల వెన్న. ఈ ఒక్క వాయలో 8 అంగుళాల గుండ్రటి పొరలు రెండు వస్తాయి. నాలుగు పొరలకి రెండు వాయలు, 12 ఔన్సుల డబ్బా ఒకటి సరిపోతుంది. వెన్నని కొంచెం ఎర్రబడేదాకా కాచి, చిటికెడు ఉప్పు వేయండి. లేకపోతే ఒట్టి తీపి తప్ప ఇంకే రుచీ ఉండదు.

అదమడంలోనే ఉంది నేర్పంతా. చేతికి వెన్న రాసుకుని, గిన్నెలో సర్దినట్టు మెల్లగా నొక్కాలి. అమ్మాయి గరిటెతో గట్టిగా కొట్టిన పొర పళ్ళకి పని చెప్పింది, నేను అదిమినవి పెళపెళలాడాయి. (ఆ మాట అమ్మాయితో అనలేదు.) పొరల మధ్య బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార పొడి గిలకొట్టిన పూత) పల్చగా పూస్తే చాలు, కదలకుండా నిలబడతాయి. పైనా పక్కలా మందంగా పట్టించడం నాకు నచ్చదు, ఇప్పటికే తీపి ఎక్కువ. విప్డ్ క్రీమ్ జోలికి అసలు పోవద్దు, తడికి కరకర పోయి మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రాయవుతుంది. బయటే మూతపెట్టి ఉంచి, ఒకటి రెండు రోజుల్లో తినేయాలి. కోయడానికి పళ్ళున్న బ్రెడ్ చాకు, దానికీ కాస్త వెన్న.

బియ్యంతో చేసిందే అయినా అందులో బార్లీ మాల్ట్ ఉంటుంది, గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే ప్రోటీన్) పడని పిల్లలకి మరో రకం వెతుక్కోవాలి. రుచికి ఐదులో మూడు, చేయడంలో తేలికకి ఐదుకి ఐదు ఇస్తాను.

ఇవే ముక్కలు చిన్న కవర్లలో రెడీమేడ్‌గా కూడా అమ్ముతారు. పేర్చేస్తే పని తగ్గుతుందని తెచ్చేరు, వాటిలోనూ జెలటిన్ ఉంటుంది. శాకాహారులు కవరు తిప్పి చదివాకే కొనండి.