పైన్‌టైమ్ వాచీ: చాలాకాలం వాడాక, ఒక్క బటన్ గురించి

పైన్‌టైమ్ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చదివి మార్చుకోగల) స్మార్ట్‌వాచీ తెర గురించి, ధర గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పాలనుకున్నది ఒక్క సంగతే: సెట్టింగ్స్‌లో ఫర్మ్‌వేర్ (వాచీని నడిపే సాఫ్ట్‌వేర్) అనే చోట ఉండే ‘వాలిడేట్’ బటన్. ఈ వాచీ ఇన్నాళ్లూ నా చేతికి ఉందంటే అదే కారణం.

ఈ వాచీ ఫర్మ్‌వేర్ పేరు ఇన్ఫినిటైమ్. దానికి కొత్త వెర్షన్ వచ్చిందనుకోండి. ఫోన్‌లోని గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే యాప్ దాన్ని బ్లూటూత్ మీద వాచీకి పంపిస్తుంది, వాచీ రీస్టార్ట్ అయి కొత్త వెర్షన్‌తో మేల్కొంటుంది. అయినా అది ఇంకా తాత్కాలికమే. కొన్నాళ్లు వాడి చూసి, బాగుంది అనిపిస్తే అప్పుడు వాలిడేట్ నొక్కాలి. నొక్కకపోతే తర్వాతి రీస్టార్ట్‌కి పాత వెర్షనే తిరిగొస్తుంది. వాచీ స్టార్ట్ అవగానే ఏ వెర్షన్ నడవాలో చూసే ఎంసీయూబూట్ అనే బూట్‌లోడర్ ఈ పని చేస్తుంది. నడుస్తున్న వెర్షన్ చిప్‌లోని 512 కేబీ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, రెండోది పక్కనున్న 4 ఎంబీ ఫ్లాష్‌లో ఉంటుంది. అప్‌డేట్ సమయంలో ఈ రెండూ చోట్లు మార్చుకుంటాయి, పాతది చెరిగిపోదు.

ఇది నాకెందుకింత పెద్ద విషయమో చెప్పాలంటే దీనికి ముందు వాడిన వాచీ సంగతి చెప్పాలి. పేరున్న కంపెనీదే. ఒక రాత్రి దానంతటదే అప్‌డేట్ అయింది. అప్పటిదాకా నాలుగు రోజులు నిక్షేపంగా వచ్చిన ఛార్జింగ్ ఆ మర్నాటి నుంచి సాయంత్రానికే అయిపోయేది. రీసెట్ చేయమన్నారు, చేశాను. మళ్లీ అదే కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంది. వెనక్కి వెళ్లే దారే లేదన్నారు. నా డబ్బుతో కొన్న, నా చేతికున్న వస్తువులో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పైన్‌టైమ్‌లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎవరో స్వచ్ఛందంగా రాసిన కొత్త వాచ్‌ఫేస్ (టైమ్ చూపించే తెర) ఒకటి, ఇంకా ప్రయోగ దశలో ఉన్నది, నాకు బాగా నచ్చింది. ఇన్ఫినిటైమ్ సోర్సు కోడ్‌లో దాన్ని కలిపి, వాచీలో నడిచే ఫైలుగా బిల్డ్ చేసి వాచీలోకి ఎక్కించాను. మధ్యాహ్నమంతా చక్కగా పనిచేసింది. సాయంత్రం ఫోన్‌కి ఒకదాని వెనక ఒకటి మెసేజ్‌లు వచ్చాయి, తెర ఉన్నపళంగా బిగుసుకుపోయింది. సెకన్ల ముల్లు కదలదు, వేలితో ఎటు తోసినా ఉలుకూ పలుకూ లేదు. సీలు చేసిన పైన్‌టైమ్‌లో వైరుతో ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్రోగ్రామింగ్ పిన్నులు చేతికందవు, అతికించిన మూత ఊడదీయాల్సిందే. ఇక ఆ పని తప్పదేమో అనుకుంటుండగానే తెర ఆరిపోయింది. స్టార్ట్ అయ్యేటప్పుడు కనిపించే పైన్‌కాయ బొమ్మ వచ్చింది. కాసేపటికి పాత వాచ్‌ఫేస్ ప్రత్యక్షమైంది! నేను దేన్నీ తాకలేదు. లోపల వాచ్‌డాగ్ అనే టైమర్ ఒకటి ఉంది. ఫర్మ్‌వేర్ బిగుసుకుపోయి ఏడు సెకన్లపాటు దాన్ని పలకరించకపోతే చిప్‌ను రీస్టార్ట్ చేసేస్తుంది. ఆ వెర్షన్‌ను నేను వాలిడేట్ చేయలేదు కాబట్టి బూట్‌లోడర్ దాన్ని పక్కన పెట్టి, పాతదాన్ని లేపింది. ఫోన్‌తో కలవగానే టైమ్ కూడా సరిచేసుకుంది. ఏం జరిగిందో చదివి తెలుసుకున్నాక కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాత ధైర్యంగా ఎన్నో ప్రయోగాలు చేశాను. చేత్తో వెనక్కి పంపాలన్నా కుదురుతుంది. పైన్‌కాయ బొమ్మ కనిపించేటప్పుడు పక్క బటన్ పట్టుకుని, రంగు నీలమయ్యాక వదిలితే పాత వెర్షన్ వస్తుంది. ఎరుపు దాకా పట్టుకుంటే రికవరీ ఫర్మ్‌వేర్ వస్తుంది. బ్లూటూత్ మీద మరో ఫర్మ్‌వేర్‌ను అందుకోవడమే దాని పని. అయితే దాచిపెట్టేది ఒక్క పాత వెర్షన్‌నే. మళ్లీ అప్‌డేట్ చేస్తే ఆ చోటు కొత్తదానికి పోతుంది. అందుకే నచ్చిన వెర్షన్ల ఫైళ్లు ఫోన్‌లో విడిగా పెట్టుకుంటాను.

ఇన్ఫినిటైమ్ లైసెన్స్ జీపీఎల్ (కోడ్ చూసి, మార్చి, పంచుకునే హక్కు ఇచ్చే లైసెన్స్) మూడో వెర్షన్. 2007లో అది వచ్చేనాటికి నడిచిన పెద్ద వాదన ఇదే: సోర్సు కోడ్ చేతిలో పెట్టి, మార్చిన కోడ్‌ను మాత్రం పరికరం ఒప్పుకోకపోతే ఆ స్వేచ్ఛ ఏం పనికొస్తుంది? పైన్‌టైమ్‌లో ఆ తాళం లేదు. బ్లూటూత్ భాగం కూడా నింబుల్ అనే ఓపెన్ సోర్స్ కోడే. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అని మాత్రం అనలేను. కదలికల సెన్సర్‌లోకి దాని తయారీదారు ఇచ్చిన, సోర్సు కోడ్ లేని బైనరీ ముక్క ఒకటి ఎక్కించాలి. నాకది గుచ్చుకుంటూనే ఉంటుంది.

అకౌంట్ తెరవక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. పెబుల్ వాచీల సర్వర్లు 2018లో ఆగిపోయినప్పుడు రెబుల్ అనే అభిమానుల బృందం ముందుకొచ్చి సేవలు నిలబెట్టాల్సి వచ్చింది. ఆ పెబుల్ కోసమే మొదలైన గాడ్జెట్‌బ్రిడ్జ్ ఇప్పుడు నా వాచీని నడిపిస్తోంది. ఆ వరస నాకు ఎంతో ఇష్టం.

తెలుగు మెసేజ్‌లు మాత్రం ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. 64 కేబీ ర్యామ్ ఉన్న వాచీలో ఫాంటు ఇరికించడమే ఒక సమస్య అనుకుంటే, వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చే ఏర్పాటు అందులోని గ్రాఫిక్స్ లైబ్రరీలో అసలు లేదు. ఎవరు పంపారో చూసి ఫోన్ తీస్తాను. ఛార్జింగ్ వారం వస్తుందనే మాట నిజమే, కానీ చెయ్యి ఎత్తగానే తెర వెలిగే ఏర్పాటు ఆన్‌లో పెడితే అంత రాదు. నేను ఆపేశాను. జీపీఎస్ లేదు, మైకు లేదు, స్పీకరూ లేదు.

నాకు టైమ్, అలారం, ఎవరు పిలుస్తున్నారో తెలియడం చాలు. ఫోన్ ఆండ్రాయిడ్. సోర్సు కోడ్ బిల్డ్ చేసుకునే తీరికా, సరదా రెండూ ఉన్నాయి. ఇవన్నీ మీకూ కుదిరితే నిశ్చింతగా తీసుకోండి. పరుగు దూరాలు, గుండె వేగం లెక్కలు కావాలన్న మా చెల్లికి మాత్రం వేరే వాచీ చూసుకోమన్నాను. కొనేముందు పాత వెర్షన్‌కి వెళ్లే వీలుందో లేదో అడగమని మరీ మరీ చెప్పాను.