బొర్రాకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి

విశాఖ నుంచి బొర్రా గుహలకు వెళ్లేవారికి నా మొదటి సలహా: అరకుతో కలిపి ఒక్క రోజులో ముగించకండి. ప్యాకేజీ బస్సులు ఇచ్చే సమయం మెట్లు దిగి ఎక్కడానికే సరిపోతుంది.

వెళ్లడానికి ఉదయం కిరండూల్ ప్యాసింజర్ కంటే మంచి దారి లేదు. సొరంగాలు, లోయలు దాటించి బొర్రా గుహలు స్టేషన్‌లో దింపుతుంది. ఆ రైలు మార్గం గుహల మీదుగానే పోతుంది.

మాతో వచ్చిన మిత్రుడికి గుహలు కొలిచి పటాలు గీయడం అలవాటు. ఆయన లోపలికి వెళ్లగానే శివలింగం వైపు కాకుండా పైకప్పు వైపు చూశారు. అక్కడ రాతిలో సన్నటి పగులు, దాని వెంబడే వరుసగా వేలాడుతున్న సున్నపు ఊడలు. టార్చి పక్కవాటుగా పట్టి ఒక ఊడ కొసను చూపించారు. నీటి బొట్టు చుట్టూ తెల్లటి అంచు కట్టి ఉంది. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. గుహలోకి రాగానే ఆ వాయువు వదిలిపోయి, సున్నం రాయిగా పేరుకుంటుంది. వందేళ్లకు ఒక సెంటీమీటరు పెరగడం కూడా గొప్పే. అలాంటిదాన్ని పట్టుకుని ఊగుతూ ఫోటోలు దిగేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోయింది.

రంగు దీపాలు పిల్లలకు నచ్చుతాయి గాని, వాటి పక్కన రాతికి పచ్చటి పాచి పడుతోంది. వెలుగు తగ్గిస్తే గుహకే మేలు. గైడ్లుగా ఉన్న స్థానిక గిరిజన యువకులు ఓపికగా తిప్పి చూపిస్తారు. ఆకారాల పేర్లతో పాటు అవి ఏర్పడిన తీరు కూడా చెప్పేలా వారికి శిక్షణ ఇవ్వాలి. అలా చెప్పాలంటే ముందు గుహను కొలిచి తెలుసుకోవాలి. నంద్యాల జిల్లాలోని బేలం గుహల్ని 1982, 1983లలో జర్మన్ గుహా పరిశోధకుడు డేనియల్ గెబౌర్ బృందం ఓపికగా కొలిచింది. అక్కడి పొడవు 3,229 మీటర్లని నేడు చెప్పగలుగుతున్నామంటే అలాంటి సర్వేల వల్లే.

బసకు అనంతగిరి మేలు: చల్లదనం, నిశ్శబ్దం, గుహలకు దగ్గర. అరకులో మేమున్న ప్రైవేటు బసలో గది శుభ్రంగానే ఉన్నా వేడినీళ్లు అడిగి అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. గుహల బయట అమ్మే బొంగు చికెన్ వేడిగా ఉన్నప్పుడే తినండి. వానాకాలంలో మెట్లు జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. సొంత టార్చి తప్పనిసరి.