రోమ్: నీళ్ళు ఉచితం, దుప్పటికి 5 యూరోలు

రోమ్ వెళ్ళొచ్చినవాళ్ళంతా ముందు కొలోసియం ఫొటోలు పెడతారు. నేను ముందు మేం దిగిన బస గురించి చెప్తాను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు మరి.

వెళ్ళింది మావారు, వాళ్ళ అక్కయ్య, నేను. వదిన కాకినాడ ట్రెజరీ ఆఫీసులో జీవితమంతా బిల్లులు పాస్ చేసి రిటైరయ్యారు. శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకోండి. మా ప్రయాణమంతా వీటి చుట్టూనే తిరిగింది.

ఏప్రిల్ చివర్లో, రాత్రి ఎనిమిది దాటాక ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టులో దిగాం. అక్కణ్ణుంచి ఊళ్ళో పెద్ద రైల్వే స్టేషనైన తెర్మినీకి ఎక్కడా ఆగని రైలుంది, మనిషికి 14 యూరోలు, అరగంట ప్రయాణం. టాక్సీ అయితే పాత కోటగోడ లోపల ఎక్కడికైనా 55 యూరోలు, పెట్టెలతో సహా. అది నగరపాలక సంస్థ కట్టిన రేటు, బండి తలుపు మీదే రాసుంటుంది. ముగ్గురికి రైలు 42, టాక్సీ 55. పెట్టెలు ఈడ్చుకుంటూ వెతుక్కునే బాధ లేకుండా 13 యూరోలు ఎక్కువైతే ఎక్కువైందనుకుని టాక్సీ ఎక్కాం. మీటరు వేస్తానన్న డ్రైవరు బండి మాత్రం ఎక్కకండి.

బస తెర్మినీకి మూడు నిమిషాల నడక. ముగ్గురికి రాత్రికి 118 యూరోలు, బ్రేక్‌ఫాస్ట్‌తో. ఫొటోల్లో మూడు మంచాలు, తెల్లటి దుప్పట్లు, కిటికీలో పూలకుండీ. తీరా వెళ్తే ఒక పాత మేడ, గుమ్మం పక్కన వరసగా బెల్లులు, ఏ బెల్లు మాదో రాసిలేదు. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వస్తానన్న కుర్రాడు నలభై నిమిషాలకి వచ్చాడు. లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడతాయి. అలా విడివిడిగా నాలుగో అంతస్తు చేరాం. గదిలో రెండు మంచాలు, ఒక మడత సోఫా. కిటికీ ఉంది, ఎదురుగా గోడ ఉంది. పూలకుండీ ప్లాస్టిక్‌ది.

కుర్రాడు పాస్‌పోర్టులు ఫొటో తీసుకున్నాడు. అది తప్పేం కాదు, అతిథుల వివరాలు పోలీసులకి పంపాలని అక్కడి చట్టం. తర్వాత సిటీ టాక్సు అడిగాడు, మనిషికి రాత్రికి 6 యూరోలు. అదీ న్యాయమే. రోమ్‌లో హోటలు స్టార్లని బట్టి రాత్రికి 4 నుంచి 10 యూరోల దాకా ఉంటుంది, పది రాత్రుల వరకే వసూలు చేయాలి, పదేళ్ళలోపు పిల్లలకి లేదు. బుకింగ్ ధరలో ఇది కలిసి ఉండదు కాబట్టి మీరు లెక్కేసుకునేటప్పుడు కలుపుకోండి. అసలు పేచీ ఆ తర్వాత మొదలైంది. ఎనిమిది దాటాక వచ్చినందుకు 'లేట్ చెకిన్' 30 యూరోలట. బుకింగ్‌లో ఆ మాటే లేదు. అన్నీ నోట్లుగానే ఇవ్వాలట, కార్డు పనిచేయదట.

మావారు అప్పటికే పర్సు తీశారు. పదిహేను గంటల ప్రయాణం తర్వాత ఆయన ఎవరితోనూ వాదించే మనిషి కాదు. వదిన మాత్రం గుమ్మానికి అడ్డంగా తన పెట్టె పెట్టి, దాని మీద కూచున్నారు. "ఒరేయ్, డబ్బు లోపల పెట్టు. రసీదు ఏదని అడుగు" అన్నారు. కుర్రాడు రేపు ఇస్తానన్నాడు. "అయితే డబ్బూ రేపే" అన్నారు వదిన, అచ్చ తెలుగులో. ఆ కుర్రాడికి ఏం అర్థమైందో గానీ ముఖం మారింది. ఆవిడ కదల్లేదు. చివరికి అతగాడు ఎవరికో ఫోన్ చేసి, సంచిలోంచి రసీదు పుస్తకం తీసి, టాక్సు మట్టుకు రాసిచ్చాడు. 30 యూరోల మాట మళ్ళీ ఎత్తలేదు. రసీదు రాస్తే అది ఏ పద్దు కింద రాయాలో వాడికీ తెలీదు, అదీ సంగతి. ఇటలీలో రసీదుని 'రిచెవూత' అంటారు. ఆ ఒక్క ఇటాలియన్ మాటా నేర్చుకుని వెళ్ళండి.

గొడవ అక్కడితో అయిపోలేదు. ఆ రాత్రి చలి. గోడకి రేడియేటర్ ఉంది, మంచుముక్కలా ఉంది. అడిగితే, ఏప్రిల్ 15తో హీటింగ్ సీజన్ అయిపోయింది, ఇక చట్టం ఒప్పుకోదన్నాడు. అబద్ధమనుకున్నాం గానీ నిజమే, రోమ్‌లో మేడలకి హీటింగ్ ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో తేదీలున్నాయి. సరే, ఇంకో దుప్పటి ఇమ్మంటే ఒక్కోదానికి 5 యూరోలన్నాడు. దుప్పటికి అద్దె కట్టాలని ఏ చట్టంలో ఉంది? వదినా నేనూ శాలువాలు, స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. తెల్లారి చూస్తే మావారి మీద కొత్త దుప్పటి. మాకు చెప్పకుండా వెళ్ళి 5 యూరోలిచ్చి తెచ్చుకున్నారు! "ఓచరు ఏదిరా?" అని వదిన ఊరొదిలేదాకా అడుగుతూనే ఉన్నారు.

వేణ్ణీళ్ళు ఇద్దరికి సరిపోయేవి, మూడోవాళ్ళు చన్నీళ్ళే. బ్రేక్‌ఫాస్ట్ అంటే కింద కాఫీ బార్లో చూపించే చీటీ: ఒక కాఫీ, ఒక కొర్నెట్టో, అంటే క్రొవాసాన్‌కి చుట్టం. అందులో గుడ్డు ఉంటుంది. "దీన్ని బ్రేక్‌ఫాస్ట్ కింద ఎవరు శాంక్షన్ చేశారు?" అన్నారు వదిన. అక్కడ కౌంటర్లో ఉన్న పెద్దావిడ మాత్రం బంగారం. గుడ్డు వద్దని మేం చేతులతో చూపించిన అభినయం చూసి నవ్వి, కొర్నెట్టో బదులు బత్తాయిలు పిండి పెద్ద గ్లాసు రసం ఇచ్చింది. పైసా అడగలేదు. ఆ మర్నాటి నుంచి వదిన కనబడగానే బత్తాయిలు చేతిలోకి తీసుకునేది. బసలో జరిగిన అన్యాయమంతా ఆ గ్లాసుతో సగం తీరింది.

కాఫీ సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. రోమ్‌లో కాఫీ నిలబడే తాగండి. కౌంటర్ దగ్గర ఎస్ప్రెస్సో 1.30. అదే కాఫీ నవోనా చౌకులో కుర్చీలో కూచుని తాగితే మాకు 5.50 పడింది. మోసమని అనలేం, రెండు రేట్లూ బోర్డు మీద ఉంటాయి. కుర్చీకే ఆ డబ్బు. వదినకి మోకాళ్ళ నొప్పి కాబట్టి ఒకసారి ఆ కుర్చీ కొనుక్కున్నాం. బాత్రూమ్ వాడుకోవడం కూడా అందులోనే కలిసొచ్చింది, స్టేషన్లో అయితే దానికి మళ్ళీ ఒక యూరో.

కొలోసియం టికెట్ 18 యూరోలు, పక్కనున్న ఫోరమ్, పాలటైన్ కొండ శిథిలాలు కూడా అందులోనే. సర్కారు సైట్లో నెల రోజుల ముందు నుంచి అమ్ముతారు, టికెట్ మీద మన పేరుంటుంది, పాస్‌పోర్టు చూపించాలి. తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఈ కరువుని సొమ్ము చేసుకున్నారని 2025లో ఇటలీ వ్యాపార పోటీ నియంత్రణ సంస్థ టికెట్లమ్మే సంస్థ మీదా, టూర్ కంపెనీల మీదా కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. మావారు అలారం పెట్టుకుని లేచి కొన్నారు, ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. గేటు బయట ఒకతను హిందీలో "భాయీసాబ్, క్యూ లేకుండా, 55 యూరోలే" అంటూ వెంటపడ్డాడు. సెక్యూరిటీ క్యూ ఎవరికైనా తప్పదు, అతని టికెట్ కొన్నవాళ్ళు మా వెనకే నిలబడ్డారు. లోపల చూడ్డానికి రాళ్ళే, కానీ వెస్పాసియన్ చక్రవర్తి మొదలుపెట్టి, క్రీస్తుశకం 80లో కొడుకు టైటస్ తెరిచిన కట్టడంలో, పోరాటాలకి జంతువుల్ని పైకి లాగిన నేలకింది గదులు పైనుంచి కనబడతాయి. అది చూసి వదిన "చాల్లే, పద" అన్నారు. ఆవిడకి నచ్చలేదు. నాకు నచ్చింది.

వాటికన్ మ్యూజియం ముందే బుక్ చేసుకుని (25 యూరోలు, బుకింగ్ ఫీజుతో) హాయిగా చూసొచ్చాం. సెయింట్ పీటర్స్ చర్చిలో నిక్కరు వేసుకున్నాయన్ని ఆపేశారు, వదిన చీరని చూసి దారిచ్చారు.

నా మాట వింటే, డబ్బు పెట్టి చూసేవాటికంటే ఊరికే చూసేవాటికి ఎక్కువ సమయం ఉంచుకోండి. సాన్ లూయీజీ దేయి ఫ్రాంచేజీ చర్చిలో కారవాజ్జో గీసిన మూడు పెద్ద బొమ్మలున్నాయి, టికెట్ లేదు. కొలోసియంకి దగ్గర్లో సాన్ పియెత్రో ఇన్ వింకోలిలో మైకెలాంజెలో చెక్కిన మోజెస్ (మోషే ప్రవక్త) విగ్రహం ఉంది, దానికీ టికెట్ లేదు. పాంథియన్ అనే పాత రోమన్ గుడి ఒకప్పుడు ఉచితం, 2023 జులైలో 5 యూరోల టికెట్ పెట్టారు. మేం వెళ్ళినప్పుడు వాన పడుతోంది. గుమ్మటం నడినెత్తిన తొమ్మిది మీటర్ల కంత, అందులోంచి వాన తిన్నగా నేల మీద పడుతుంటే జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. నేలకి వాలు, చిన్న చిన్న తూములు పెట్టారు, నీళ్ళు అందులోకి పోతాయి. మా బస బాత్రూమ్‌లో ఆ పాటి తూము లేదు.

తాగే నీళ్ళు కొనకండి. వీధి వీధికీ ఇనప కుళాయి స్తంభాలుంటాయి, 'నజోనె' అంటారు, ఊళ్ళో 2,500 దాకా ఉన్నాయంటారు. రాత్రీ పగలూ చల్లటి నీళ్ళు కారుతూనే ఉంటాయి. కింది మూతిని వేలితో మూస్తే పైన చిన్న కంతలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగొచ్చు. త్రేవీ ఫౌంటెన్‌కి నీళ్ళిచ్చే కాలవ క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్పా అనే రోమన్ సేనాని వేయించినది, దాన్ని బాగుచేసుకుంటూ ఇప్పటికీ వాడుతున్నారు. ఆ ఫౌంటెన్ ఎదుట మాత్రం జనంలో ఊపిరాడలేదు. పక్క సందుల్లో బొమ్మలున్న మెనూ పట్టుకుని పిలిచే హోటళ్ళకి వెళ్ళకండి. చేప తినేవాళ్ళయితే మరీ జాగ్రత్త. మెనూలో కనిపించే ధర 'ఎత్తో' ధర, అంటే వంద గ్రాములకి. పక్క టేబుల్ దంపతులు 9 యూరోల చేప తిని బిల్లు చూసి తెల్లబోవడం మా కళ్ళారా చూశాం.

వదిన భోజనం మాకు పెద్ద బెంగ. బియ్యం ఉండ చూసి సంబరపడితే, 'సుప్లీ' అనే ఆ వేపుడులో మాంసం. చివరికి గెట్టో అనే పాత యూదుల పేటలో బెంగ తీరింది. 1555లో పోప్ నాలుగో పాల్ యూదుల్ని గోడలు కట్టి అక్కడ బంధించాడు, ఇప్పుడక్కడ వరసగా హోటళ్ళు. యూదుల ఆచారంలో మాంసం, పాలు ఒకే వంటింట్లో కలవకూడదు. కాబట్టి పాల వంటల కోషర్ (ఆ ఆచారం ప్రకారం వండే) హోటల్లో మాంసం అడుగే పెట్టదు. చేప ఉండొచ్చు, అది అడిగి తెలుసుకోవాలి. ఇది వినగానే "వీళ్ళకీ మడి ఉందే!" అని వదిన కుర్చీ లాక్కుని కూచున్నారు. ఆర్టిచోక్ అనే పూమొగ్గ కూరని రెండుసార్లు నూనెలో వేయించి, పువ్వులా విచ్చుకోబెట్టి తెచ్చారు, ఒకటి 7 యూరోలు. రేకులు వడియాల్లా కరకరమన్నాయి, లోపలి భాగం మెత్తగా ఉంది. వదిన రెండు తిన్నారు, మూడోది మావారి పళ్ళెంలోంచి తీసుకున్నారు. ముగ్గురికీ పాస్తాతో కలిపి 61 యూరోలు, సర్వీసుతో. రసీదు అడక్కుండానే ఇచ్చారు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటిపడేదాకా ఇవి మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి.

ఇక బస ఎక్కడంటారా, తెర్మినీ చుట్టుపక్కల వద్దు. వాటికన్ పక్కనున్న ప్రాతీ చూడండి, రాత్రికి పాతిక ముప్పై ఎక్కువైనా వీధులు శుభ్రం, మెట్రో ఉంది. 2025 నుంచి ఇటలీలో ప్రతి అద్దె బసకీ 'చిన్' అనే జాతీయ కోడ్ ప్రకటనలోనూ, గుమ్మం దగ్గరా ఉండాలి. లేకపోతే బుక్ చేయకండి. మా గుమ్మం దగ్గర లేదు.

వదిన మాత్రం ఒప్పుకోరు. తెర్మినీకి పది నిమిషాల దూరంలో ఎస్క్విలీనో మార్కెట్ ఉంది, బంగ్లాదేశ్ కొట్లలో పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయలు, కరివేపాకు కూడా దొరుకుతాయి. "బెండకాయలు దొరికే చోటే దిగాలమ్మా, గదిదేముంది, రసీదు పుస్తకం నేను చూసుకుంటా" అంటున్నారు. ఆ గదిలో పొయ్యి లేదని గుర్తుచేసినా, వచ్చేసారి ఇండక్షన్ స్టవ్ తెస్తారట.