తాతయ్య పతకాలు రెండు: ఏది మేలు?

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర పటాలు కట్టే పెద్దాయన ముందు తాతయ్య పతకాలు రెండూ పెట్టాను. "ఏ వైపు పైకి కనపడాలమ్మా?" అని అడిగారు. వెంటనే చెప్పలేకపోయాను.

ఒకటి వార్ మెడల్, ఇంకొకటి ఇండియా సర్వీస్ మెడల్. రెండూ రెండో ప్రపంచ యుద్ధం నాటివే. రెండూ రాగి, నికెల్ కలిపిన తెల్లని లోహం. ముందువైపు రెండింటి మీదా అప్పటి బ్రిటిష్ రాజు ఆరో జార్జి తలే. తేడా వెనకవైపు ఉంది, ఇచ్చిన నియమంలో ఉంది.

వార్ మెడల్‌కు 1939 సెప్టెంబరు 3, 1945 సెప్టెంబరు 2 మధ్య 28 రోజుల సైనిక సేవ చాలు, ఎక్కడ చేసినా సరే. బర్మా అడవుల్లో పోరాడినవారికీ, డిపోలో పెట్టెలు లెక్కబెట్టిన మా తాతయ్యకూ ఒకటే పతకం. ఆ నియమం న్యాయంగా ఉంది. బొమ్మ మాత్రం నాకు నచ్చదు: రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడిన సింహం. 25 లక్షలకు పైగా భారతీయులు పనిచేసిన యుద్ధం అది. ఆ వెనకవైపు మన ఆనవాలు ఒక్కటీ లేదు.

ఇండియా సర్వీస్ మెడల్ తిప్పితే భారతదేశ పటం ఉబ్బెత్తుగా ఉంటుంది. బొటనవేలితో తడిమితే తీరం తగులుతుంది. రిబ్బను ముదురు నీలం, లేత నీలం చారలది. 1946లో ప్రకటించిన పతకం ఇది. మరుసటి ఏడాదికే ఆ దేశం రెండయింది. చేతిలోని పటం మాత్రం ఇంకా ఒకటే.

దీని నియమమే కఠినం. అవే తేదీల మధ్య, యుద్ధరంగానికి వెళ్లకుండా భారతదేశంలో మూడేళ్ల సేవ ఉండాలి. అంటే 1942 సెప్టెంబరు మొదటి రోజులు దాటాక చేరినవారికి ఎంత కష్టపడినా అందదు. 1941లో చేరిన తాతయ్యకు వచ్చింది. 1943లో చేరి అదే డిపోలో అవే పెట్టెలు మోసిన చిన్నతాతయ్యకు రాలేదు. "బర్మా స్టార్ ఉంటేనే సైనికుడు" అంటూ బర్మా యుద్ధరంగంలో పనిచేసినవారికి ఇచ్చిన ఆ పతకాన్నే లెక్కజేసే చుట్టాల ముందు అన్నదమ్ములిద్దరూ తమ కొలువు మాటే ఎత్తేవారు కాదు. మూడేళ్ల చాకిరీని సేవగా గుర్తించిన పతకమని తాతయ్యది నాకు అపురూపం. అయినా నియమం దగ్గర వార్ మెడల్‌కే నా ఓటు. రూపంలో ఇండియా పతకానికి అది సాటి రాదు.

"ఇండియా పతకానికి దేశపటం వైపు పైకి పెట్టండి, రెండోదానికి రాజు తల ఉన్నా పరవాలేదు" అన్నాను. పక్కన మరో పతకానికి చోటు వదలమన్నాను. చిన్నతాతయ్య వార్ మెడల్ కడపలో పిన్ని ఇంట్లో ఉంది, వచ్చే వారం తెస్తాను.