సెకండ్ లైఫ్‌లో దండాల ప్యాక్: నాలుగేళ్ళు వాడినాక

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ప్రపంచంలో మన బొమ్మ (అవతార్) దండం పెట్టేదానికి ఒక యానిమేషన్ల ప్యాక్ కొన్నా, 400 లిండెన్ డాలర్లు, మన లెక్కలో నూట ముప్పయ్యో నలభయ్యో పడింది. నాలుగేళ్ళు దాటింది. సాష్టాంగం, మోకాళ్ళ దండం, నమాజులో వంగే రుకూ, నుదురు నేలకి ఆనించే సజ్దా, పొర్లుదండం, ఐదున్నాయి.

సాష్టాంగం కోసమే కొన్నా. మేం కొంతమంది నెల్లూరోళ్ళం కలిసి అందులో మన రంగనాయకుల గుడిలాగా చిన్నది కట్టుకున్నాం (గాలిగోపురం బాగానే వచ్చింది, పెన్న మాత్రం నీలం రేకు పరిచినట్టుంది). చేతులు జోడించి మోకాళ్ళు ఆనించి మెల్లిగా ముందుకి వాలేదాకా ప్యాక్ చేసినోడు చానా బాగా చేశాడు, తొందర లేదు. పడుకున్నాకే తంటా. చేతులు తల ముందర కలవవు, భుజాల పక్కన నేలకి ఆనతాయి, పొట్ట జానెడు పైనే ఉంటది. మా అమ్మ వెనక నిలబడి కాసేపు చూసి "అబ్బయా, వాడు దండం పెడతన్నాడా దండీలు తీస్తన్నాడా" అనింది. ఎనిమిది అంగాల్లో మనసూ మాటా చూపూ బొమ్మకి ఎట్నూ రావు, రొమ్మూ నుదురన్నా ఆనించాల గదా.

చేసినోడు వాడి బొమ్మ ఎత్తుకి కొలిచి చేశాడు, నాది పొడుగు, అదీ కారణం. హోవర్ హైట్ (బొమ్మ నేలకి ఎంత ఎత్తులో ఉండాలనే సెట్టింగు) తగ్గించా, పొట్ట ఆనింది, లేచి నిలబడేసరికి చీలమండల దాకా బండలోకి దిగబడిపోయా. ఇంకోటి ఏఓ, అంటే బొమ్మ మామూలుగా నిలబడే, నడిచే తీరుని మార్చేది. ఆ నిలబడే యానిమేషన్ కూడా ఇదే ప్రయారిటీలో ఉంటే చివర మొదలైందే గెలుస్తది, అందుకే ఒకసారి అందరం స్వామి ముందు బోర్లా ఉంటే నేనొక్కడినే ఉన్నట్టుండి లేచి నడుం మీద చెయ్యేసుకోని నిలబడ్డా. దండం పెట్టేముందు ఏఓ ఆపండి, అంతే.

దండం పెట్టిన ప్రతిసారీ ఫలానావాళ్ళు మొక్కుతున్నారని ఇంగ్లీషులో ఒక లైను చాట్‌లో పడతది, 20 మీటర్ల దాకా అందరికీ కనపడతది. మార్చుకునే పర్మిషన్ ఇచ్చాడు కాబట్టి తీసేశా.

సజ్దా గురించి నాకేం తెలుసు, రొట్టెల పండగప్పుడు ఇంటికొచ్చిన కోటమిట్ట ఫ్రెండుకి చూపించా. రుకూలో వీపు సమంగా ఉంది, ఓకే అన్నాడు. సజ్దాలో "మోచేతులు నేలకి ఆనకూడదు రా, అరచేతులే" అన్నాడు, ఇందులో మోచేతులు రెండూ పరిచేసున్నాయి. కాలివేళ్ళు కూడా వంచలేదంట.

పొర్లుదండం దండగ. జొన్నవాడలో తడిబట్టలతో పొర్లేవాళ్ళని చూసినోళ్ళకి నవ్వొస్తది, యానిమేషన్ బొమ్మని కదిలించినట్టు చూపిస్తదే గానీ నిజంగా చోటు మార్చదు, మూడు పొర్లులు పొర్లి ఆగంగానే మళ్ళీ మొదలెట్టిన చోటికే టపీమని వచ్చి పడతాం.

మోకాళ్ళ దండం ఒక్కటే ఇప్పటికీ రోజూ వాడతన్నా. ఆడబొమ్మలకి మా వాళ్ళంతా అదే పెట్టుకున్నారు, ఆడోళ్ళు సాష్టాంగం పెట్టరు గదా, అట్నా అది అందరికీ పనికొచ్చింది. మిగతా వాటిమీద మెసేజ్ పెడితే చేసినోడి దగ్గర్నించి ఇంతవరకు ఉలుకూ పలుకూ లేదు.

మీరు ఏ ప్యాక్ కొన్నా ముందు డెమోలో మీ బొమ్మనే పడుకోబెట్టి, కెమెరా నేలదాకా దించి పక్కనుంచి చూడండి, పొట్ట కింద వెలుతురు కనపడితే కొనొద్దు.