పచ్చ మార్కులు నమ్మకండి: మూడేళ్లు వాడాక నా మాట

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌లకు స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. ఇంగ్లిష్ మాటలు ఎలా పలికామో విని మార్కులు వేసే ఈ ఉచ్చారణ యాప్ మూడేళ్లుగా క్లాసులో వాడుతున్నాను. ధర, ఫీచర్లు అందరికీ తెలిసినవే. నా బాధంతా అది వేసే మార్కుల గురించే.

మొన్న జనవరిలో ఒకమ్మాయి ఇంటర్వ్యూకి తయారవుతూ ‘ఐ లివ్ ఇన్ వెస్ట్ మారేడ్‌పల్లి’ అని చెప్పింది. యాప్ 94 ఇచ్చి పచ్చగా వెలిగింది. నా చెవికి మాత్రం పడమర (west) వినపడలేదు, బనియన్ (vest) వినపడింది. ఇంగ్లిష్‌లో ఆ రెండు మాటలకూ మొదటి శబ్దం ఒక్కటే తేడా. మన లిపిలో రెండూ ‘వెస్ట్’ అనే రాస్తాం. బనియన్‌కి పైపళ్లు కింది పెదవికి తగలాలి. పడమరకి పళ్లతో పని లేదు, పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. మన ‘వ’ రెండిటికీ మధ్యలో ఎక్కడో పలుకుతుంది.

అనుమానం వచ్చి, పెదవి మీద పళ్లు గట్టిగా ఆనించి ఆ వాక్యం నేనే చదివాను. 96 వచ్చింది! ఆ ఒక్క మాటే విడిగా అంటే ఎర్రగా చూపించింది. అంటే వాక్యంలో అయితే ముందూ వెనకా మాటల్ని బట్టి ఊహించుకుని సరిపెట్టేస్తోందన్నమాట. ‘పచ్చ వచ్చిందిగా, ఇంక వెళ్లమ్మా’ అని ఇన్నాళ్లూ ఎంతమందిని పంపించేశానో! ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ అమ్మాయి చేతికి చిన్న అద్దం ఇచ్చి పెదవులు చూసుకుంటూ చెప్పమన్నాను. పావుగంటలో పళ్లు పక్కకి తప్పుకున్నాయి. చెవికి తేడా తెలియడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

యాప్ తీసేయలేదు. నమూనా గొంతునీ మన గొంతునీ వెంటవెంటనే వినిపించే బటన్ ఉందే, అది నిజంగా బంగారం. ‘హోటల్’ అనే మాటలో స్ట్రెస్ (ఒత్తి పలకడం) రెండో భాగం మీద పడాలని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, అలా రెండుసార్లు వినగానే పట్టేస్తారు. ఇది ఉంటే టీచర్‌తో పనే లేదని ఒకప్పుడు తోటివాళ్లకు చెప్పాను. పక్కన వినే చెవి ఒకటి ఉండాలని ఇప్పుడు దానికి కలుపుతున్నాను.

నాకు బ్యాచ్‌కి పన్నెండు మంది, కిటికీ అవతల బస్సుల హోరు, చందా కట్టేది ఇన్‌స్టిట్యూట్. ఇంట్లో ఒక్కరే కూర్చుని నేర్చుకునేవాళ్ల సంగతి వేరే కావచ్చు. నా జేబులోంచి కట్టాల్సి వస్తే మాత్రం ఈ ఏడాది కొంచెం ఆలోచించేదాన్ని.